ఎముకల గుట్ట దగ్గర వైద్య పాఠం: అబ్దుల్లతీఫ్ బగ్దాదీ (రహ్మలై)

అబ్దుల్లతీఫ్ బగ్దాదీ (రహ్మలై) హిజ్రీ 557 (క్రీ.శ. 1162)లో బగ్దాద్ నగరంలో జన్మించారు. బాల్యంలోనే దివ్యఖుర్ఆన్ కంఠస్థం చేశారు. హదీసు, ఫిఖహ్, అరబీ వ్యాకరణం అభ్యసించి, ఆ తర్వాత వైద్యవిద్య వైపు మొగ్గారు. జ్ఞానార్జన కోసం మోసుల్, డమాస్కస్ నగరాలు తిరిగి ఈజిప్టు చేరారు. కైరోలోని జామె అజ్‌హర్‌లో ఉదయం, సాయంత్రం పాఠాలు చెప్పేవారు. మధ్యాహ్నవేళ వైద్య విద్యార్థులకు కేటాయించేవారు.

ఆ కాలంలో శరీర నిర్మాణ శాస్త్రానికి ప్రమాణం గ్రీకు వైద్యుడు గేలెన్ గ్రంథాలే. అరబ్బులు ఆయన్ని జాలీనూస్ అంటారు. సుమారు వెయ్యేళ్ళుగా ఆయన మాటకు తిరుగులేదు. అయితే ఏ ఎముక దేనితో ఎలా కలుస్తుందో పుస్తకం చదివి ఎంత వివరించినా శిష్యులకు బోధపడేది కాదు.

1200లో నైలు నది తగినంతగా పొంగలేదు. ఈజిప్టును ఘోరమైన కరువు చుట్టుముట్టింది. ఖననం చేసే దిక్కులేక శవాలు ఆరుబయటే పడి ఉండేవి. మక్స్ అనే చోట ఎముకలు గుట్టగా పడి ఉన్నాయని తెలిసి, బగ్దాదీ శిష్యులతో అక్కడికి వెళ్ళారు. 20,000కు పైగా మృతుల అవశేషాలు ఉంటాయని అంచనా వేశారు.

కింది దవడలో రెండు ఎముకలు గడ్డం దగ్గర కలుస్తాయని గేలెన్ రాశాడు. బగ్దాదీకి అక్కడ అతుకు కనిపించలేదు. అయినా ఆయన తొందరపడలేదు. 2,000కు పైగా పుర్రెలను పరీక్షించారు. తాను దగ్గరున్నప్పుడూ, లేనప్పుడూ ఇతరుల చేత పరీక్ష చేయించారు. బూసీర్‌లోని పురాతన సమాధుల ఎముకలతోనూ సరిచూశారు. అన్నిచోట్లా కింది దవడ ఒకే ఎముక!

గేలెన్ ఎక్కువగా జంతువుల శరీరాలనే కోసి చూశాడు. పుట్టిన బిడ్డకు కింది దవడ రెండు భాగాలుగా ఉండి, దాదాపు ఏడాదికల్లా కలిసిపోతుందని నేటి వైద్యశాస్త్రం చెబుతోంది. పెద్దవారిలో అది ఒక్కటే.

గేలెన్ గొప్పతనాన్ని బగ్దాదీ కాదనలేదు. పెద్దల పట్ల గౌరవం వేరు, కళ్ళారా చూసిన సత్యం వేరు అని గ్రహించారు. ఈ విషయాలన్నీ ‘అల్ ఇఫాదా వల్ ఇఅతిబార్’ అనే గ్రంథంలో నమోదు చేశారు. హజ్ యాత్రకు బయలుదేరి, దారిలో బగ్దాద్‌లోనే హిజ్రీ 629 (క్రీ.శ. 1231)లో పరమపదించారు.

నేడు ఫిజియోథెరపీ చదివే మన పిల్లలు మొదటి సంవత్సరంలోనే ఎముకను చేతిలోకి తీసుకొని కీళ్ళ గురించి నేర్చుకుంటారు. పుస్తకాన్ని బట్టీపట్టి ఊరుకోక, చేతిలోని ఎముకతో సరిచూసుకోవాలి. ఆ ఎముక ఒకనాడు మనలాంటి మనిషిదేనన్న మర్యాదనూ మరువకూడదు.