డాట్ తర్వాత ఏముండాలో రాసిన పోస్టెల్

శ్రీవారి దర్శనం టికెట్ బుక్ చేసేటప్పుడు సైట్ పేరు చివరిదాకా చదువుతున్నారా? టీటీడీ అసలు సైట్ చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇన్ అంటే ఇండియా, గవ్ అంటే ప్రభుత్వం, ఏపీ మన రాష్ట్రం. గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. తిరుమల, తిరుపతి అన్న మాటలు మాత్రం డాట్ కామ్ ముందు ఎవరైనా తగిలించుకోవచ్చు. నకిలీ సైట్ల మోసమంతా అక్కడే. ఉద్యోగ నోటిఫికేషన్లకూ ఇదే లెక్క.

ఈ కట్టుబాట్లు రాసినవాళ్లలో ముఖ్యులు జొనాథన్ పోస్టెల్. 1943లో కాలిఫోర్నియాలో పుట్టారు. గుబురు గడ్డం, కాళ్లకు చెప్పులు, అదీ ఆయన వాలకం. 1969లో ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ మొదలైనప్పుడు యూసీఎల్‌ఏలో విద్యార్థి. ఎవరికి ఏ నంబరు ఇచ్చారో రాసిపెట్టే పని నెత్తికెత్తుకున్నారు. గుమాస్తా పనే అనుకోండి. చనిపోయేదాకా వదల్లేదు.

కంప్యూటర్లు పెరిగేసరికి పేర్లన్నీ ఒకే ఫైల్లో పెట్టడం కుదర్లేదు. పోస్టెల్ పని అప్పగిస్తే 1983లో పాల్ మోకపెట్రిస్ డొమైన్ పద్ధతి తయారుచేశారు. మరుసటి ఏడాది పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి కామ్, ఎడ్యు, గవ్ లాంటి చివరి ముక్కలకు నియమాలు రాశారు. దేశాలకు రెండక్షరాలు. ఏది దేశం, ఏది కాదు అన్న తగువులో తలదూర్చకుండా అప్పటికే ఉన్న ఐఎస్ఓ జాబితానే తీసుకోవడం ఆయన తెలివి. మన డాట్ ఇన్ 1989లో అలా వచ్చిందే. 1994 నిబంధనల్లో ఇంకో మాట చేర్చారు: దేశం పేరు నడిపేవాళ్లు దానికి యజమానులు కారు, ధర్మకర్తలు. తిరుపతి వాళ్లకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు కదా.

1998 జనవరిలో ఆయనే పెద్ద దుమారం లేపారు. పేర్ల మూల జాబితాను ఇకపై తన దగ్గర్నుంచి తీసుకోమని మూల సర్వర్లు నడిపేవాళ్లలో ఎనిమిది మందిని అడిగారు. వాళ్లు మారు మాట్లాడకుండా మార్చేశారు! అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడి, వెనక్కి మార్చమంది. మార్చారు. అంతా పరీక్ష కోసమేనన్నారు గానీ నమ్మినవాళ్లు తక్కువ. ఒక్క మనిషి మీద నమ్మకంతో ఇంత వ్యవస్థ నడుస్తోందని అప్పుడే చాలామందికి తెలిసొచ్చింది.

ఆ పని చూసేందుకు సెప్టెంబరులో ఐకాన్ సంస్థ ఏర్పడింది. అక్టోబరు 16న, గుండె ఆపరేషన్ తర్వాత, 55 ఏళ్లకే పోస్టెల్ కన్నుమూశారు. నెట్‌వర్కింగ్ ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు ఆయన 1994 నిబంధనలు వెతికి చదవండి. పేరు ఆర్‌ఎఫ్‌సీ 1591. ఉచితమే, ఏడు పేజీలే.