బంగారం లేని బంగారు వన్నె

క్రిస్మస్ దగ్గర పడితే చాలు... గాజు బుడగల మీద స్పిరిట్ రంగుల చుక్కలు వేసి, ఊది పాకించి, జిగురు రాసి చమ్కీ పొడి అద్దడం అమ్మాయిలకు భలే సరదా. గుండుసూదంత బంగారం లేకుండానే ధగధగలాడించే విద్య మన ఉత్తర తెలంగాణకు కొత్తేమీ కాదు. కరీంనగర్‌కు వెండితీగ పని ఎలాగో, పాత ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్‌కు పసిడి వన్నె అలాగ!

తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, నున్నగా రుద్ది రంగులేసేవారు నకాషీ పనివాళ్లు. ఆకు పసర్లతో బంగారు ఛాయ తెప్పించడమే వాళ్ల గుట్టు. ఆ మెరుపు ఊరు దాటి హైదరాబాద్ పెద్దిళ్ల హాళ్లలోకి రావడం వెనక ఒక ఇల్లాలి చొరవ ఉంది. ఆమే లేడీ హైదరీ.

అసలు పేరు అమీనా. 1878లో పుట్టారు. బొంబాయి త్యాబ్జీల ఆడపడుచు. 1887లో కాంగ్రెస్ అధ్యక్షుడైన బద్రుద్దీన్ త్యాబ్జీ సోదరుడి కూతురు. భర్త అక్బర్ హైదరీ 1905లో నిజాం కొలువుకు రావడంతో హైదరాబాదే ఆమె ఊరైంది.

మూడేళ్లు తిరిగాయో లేదో, 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తింది. వేలమంది పోయారు. గొప్పింటి ఆడవాళ్లు పరదా దాటని రోజులవి. అమీనాగారు మాత్రం బాధితుల సాయానికి నడుం కట్టారు. కైసర్-ఇ-హింద్ పతకం అందుకుంది అందుకే. ఆడవాళ్లు నలుగురూ కలుసుకోవడానికో చోటుండాలని 1929లో క్లబ్బు పెట్టారు. దానికి ఆమె పేరే నిలిచింది.

ఇక నిర్మల్ సంగతి. వెనకటిలా ఆదరించే దొరలు లేకపోతే చేతిపని ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పండి? 1930ల మొదట్లో ఆమె అక్కడి పనివాళ్లను హైదరాబాద్‌కు రప్పించి, వాళ్ల పనిని తెలిసినవాళ్లందరికీ పరిచయం చేశారు. అజంతా బొమ్మలు, మొఘల్ చిత్రాలు నల్లటి నేల మీద బంగారు గీతలై గోడలకెక్కాయి.

ఒక్క మాట చెప్పుకోవాలి. రప్పించినావిడ పేరు మనకు తెలుసు. పసరు నూరిన చేతులెవరివో, రాత్రిళ్లు చింతగింజలు నానేసిన ఆడవాళ్లెవరో ఎవరూ రాసిపెట్టలేదు. పైగా పట్నం వచ్చిన పని పట్నం వాళ్ల ముచ్చటకు తగ్గట్టు మారింది కూడా. అయినా అసలు లేకుండా పోవడం కంటే నయమే కదా అనిపిస్తుంది నాకైతే.

1939లో ఆమె కన్నుమూశారు. అప్పటికి భర్త సంస్థానానికి ప్రధాని. నిర్మల్ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు నిర్మల్‌లో పసర్ల కంటే డబ్బా రంగులదే జోరు. పొనికి కర్ర దొరకడమే కష్టమైపోయింది.