22 ఏళ్ల కుర్రాడు.. కట్టెల కొట్టంలో ప్రయోగం.. వెండి ధర పలికిన లోహాన్ని వంటింటికి తెచ్చిన హాల్ కథ!

విశాఖ పోర్టుకు ఒడిశా కొండల మీదుగా రైళ్లలో ఓ తెల్లటి పొడి వస్తుంటుంది. చూస్తే పిండి అనుకుంటారు. కానీ అది అల్యూమినా. దామంజోడిలోని నాల్కో రిఫైనరీలో బాక్సైట్ నుంచి తీసిన ఈ పొడి పోర్టులోని సైలోల్లోకి చేరి, అక్కడి నుంచి ఓడలెక్కి విదేశాలకు వెళ్తుంది. అది అల్యూమినియంగా మారాలంటే ఏ దేశంలో అయినా దాదాపు ఒకటే దారి. ఇంటర్ కెమిస్ట్రీలో హాల్-హెరాల్ట్ పద్ధతి అని చదువుకుంటాం కదా, అదే.

అసలు ఎవరీ హాల్?

చార్లెస్ మార్టిన్ హాల్ 1863 డిసెంబర్ 6న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టర్. డబ్బున్న కుటుంబమేమీ కాదు. ఓబర్లిన్ కాలేజీలో చదివేటప్పుడు ప్రొఫెసర్ ఫ్రాంక్ జ్యూయెట్ క్లాసులో చెప్పిన ఒక మాట ఆయన బుర్రలో నాటుకుపోయింది. అల్యూమినియాన్ని చౌకగా తీసే దారి కనిపెట్టినవాడికి పేరూ, డబ్బూ రెండూ వస్తాయన్నది ఆ మాట సారాంశం. అప్పట్లో ఆ లోహం ధర వెండితో పోటీ పడేది. 1884లో వాషింగ్టన్ మాన్యుమెంట్ శిఖరం మీద పెట్టింది కూడా అల్యూమినియం ముక్కనే. అంత అపురూపం మరి!

డిగ్రీ 1885లో అయిపోయింది. హాల్ ఇంటి వెనక కట్టెల కొట్టాన్నే ల్యాబ్‌గా మార్చేశారు. బ్యాటరీలు సొంతంగా తయారు చేసుకున్నారు. సమస్య ఏంటంటే, అల్యూమినా కరగాలంటే 2,000 డిగ్రీలకు పైగా వేడి కావాలి. అందుకే క్రయోలైట్ అనే ఖనిజాన్ని కరిగించి, ఆ ద్రవంలో అల్యూమినాను కలిపారు. ఇది దాదాపు 1,000 డిగ్రీల దగ్గరే పని చేస్తుంది. కరెంటు పంపారు. లోహం రాలేదు! బూడిద రంగు మడ్డి మాత్రం మిగిలింది.

ఇక్కడే హాల్ తెలివి బయటపడింది. తప్పు ద్రవంలో లేదు, పాత్రలో ఉందని ఆయన పసిగట్టారు. మట్టి మూసలోని సిలికా ఆ వేడికి కరిగి ద్రవంలో కలిసిపోతోంది. దాంతో మూస లోపలి గోడకు కార్బన్ పూత వేశారు. 1886 ఫిబ్రవరి 23న అడుగున చిన్న చిన్న వెండి రంగు గుండ్లు కనిపించాయి. అల్యూమినియం! అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లే.

అయితే అసలు ట్విస్ట్ తర్వాత వచ్చింది. ఫ్రాన్స్‌లో పాల్ హెరాల్ట్ అనే మరో కుర్రాడు, అదీ 1863లోనే పుట్టినవాడు, ఇదే పద్ధతికి ఏప్రిల్‌లో పేటెంట్ వేసేశారు. హాల్ దరఖాస్తు చేసింది జులై 9న. అంటే చేతికొచ్చింది జారిపోయినట్టే. కానీ అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఎవరు ముందు దరఖాస్తు చేశారన్నది కాదు, ఎవరు ముందు కనిపెట్టారన్నదే లెక్కలోకి వచ్చేది. ఫిబ్రవరి నాటి ప్రయోగానికి రుజువు కావాలి. అన్నయ్య జార్జ్‌కు హాల్ రాసిన ఉత్తరాలు, అక్క జూలియా సాక్ష్యం అప్పుడు ఆదుకున్నాయి. జూలియా కూడా ఓబర్లిన్‌లో కెమిస్ట్రీ చదివారు, తమ్ముడి ప్రయోగాలను దగ్గరుండి చూశారు. 1889లో హాల్‌కు పేటెంట్ వచ్చింది. అందులో జూలియా పేరు మాత్రం లేదు.

కొట్టంలో గెలిచినా ఫ్యాక్టరీలో గెలవడం వేరే కథ. కౌల్స్ కంపెనీ ఏడాదిపాటు చూసి వద్దనేసింది. చివరికి 1888లో పిట్స్‌బర్గ్‌లో ఆల్ఫ్రెడ్ హంట్ బృందం 20 వేల డాలర్లు పెట్టింది. ఇప్పటి ఆల్కోవా కంపెనీకి పునాది అదే. అక్కడ హాల్, ఆర్థర్ డేవిస్ చెరో 12 గంటల షిఫ్టు చేసేవారట. కార్బన్ పరిచిన ఇనుప తొట్టెలు పెద్దవయ్యాక ఇంకో లాభం తెలిసింది. బయట మంట అక్కర్లేదు, పంపే కరెంటు వేడే ద్రవాన్ని కరిగించి ఉంచుతుంది. నేటి స్మెల్టర్లలోనూ సూత్రం అదే. కాకపోతే ఒక్కో సెల్‌లో లక్షల ఆంపియర్లు ప్రవహిస్తాయి, వోల్టేజీ మాత్రం నాలుగైదు వోల్టులే!

1888లో పౌండు ఐదు డాలర్ల దగ్గరున్న ధర 1893కి 78 సెంట్లకు పడిపోయింది. అదే ఏడాది, వద్దని వదిలేసిన కౌల్స్ కంపెనీతో నడిచిన పేటెంట్ కేసులోనూ హాల్ కంపెనీదే గెలుపు.

హెరాల్ట్ 1914 మేలో చనిపోయారు. హాల్ అదే ఏడాది డిసెంబర్ 27న ఫ్లోరిడాలో కన్నుమూశారు. ఇద్దరికీ పుట్టిన ఏడూ, పోయిన ఏడూ ఒక్కటే. హాల్ పెళ్లి చేసుకోలేదు. ఆస్తిలో దాదాపు మూడో వంతు ఓబర్లిన్ కాలేజీకి రాసిచ్చారు. ఆసియాలో చదువుల కోసమూ కొంత కేటాయించారు. ఓబర్లిన్‌లో ఆయన విగ్రహం ఉంది. అది కూడా అల్యూమినియంతో చేసిందే.