కాలిపోని ముద్రలు

పని ఆరంభించుటకు పూర్వమే సాధనములను సమకూర్చుకొనుట విలియం కేరీకి అలవాటు. 1800లో శ్రీరాంపురము చేరిన పిమ్మట, అక్షరములు చెక్కుటలో ఆరితేరిన పంచానన కర్మకారుని పనికి కుదుర్చుకొని, సహచరులతో కలిసి అక్షరములు పోతపోయు శాలను నెలకొల్పెను. సీసపు అక్షరములు అరిగిపోవును. చెక్కిన ఉక్కు ముద్రలు నిలుచును.

1812 మార్చి 11న ఆ అచ్చుకూటము కాలిపోయెను. కలకత్తాలోనున్న కేరీకి మార్ష్‌మన్ వెళ్లి ఆ వార్త తెలిపెను. బహుభాషా నిఘంటువుతోబాటు మన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు బూడిదయ్యెను. వ్రాసినదానినే మరల వ్రాయుట ఎంత దుర్భరమో అనువాదకులకే తెలియును! అయితే శిథిలముల క్రింద ఉక్కు ముద్రలు చెడక దొరకెను. వెంటనే క్రొత్త అక్షరములు పోతపోయసాగిరి.

తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. నిఘంటువు మాత్రము ఎన్నటికిని పూర్తికాలేదు.