కొమురం భీం: ఎవరి మీద పోరాడాడు? ఎందుకు పోరాడాడు?

ఆశ్వయుజ పౌర్ణమి వచ్చిందంటే ఆసిఫాబాద్ అడవుల్లోని జోడేఘాట్‌కు గోండులు, కోలాములు పల్లెపల్లె నుంచి కదిలి వెళతారు. అక్కడ నేలకొరిగిన కొమురం భీంకు తమ ఆచారం ప్రకారం నివాళి అర్పిస్తారు. ఆ రోజుల్లో బడి నుంచి వచ్చిన పిల్లలు అబ్బానో, అమ్మీనో ఒక మాట అడుగుతారు. భీం పోరాడింది నిజాం మీదనా, లేక మన మీదనా అని. మన పెద్దల్లో చాలామంది జవాబు చెప్పక మాట మారుస్తారు. మాట మార్చవలసిన అవసరం లేదని మేము భావిస్తున్నాము. ఆ వీరుని జీవితం తెలుసుకుంటే జవాబు అందులోనే ఉన్నది.

అడవి ఎవరిది?

భీం 1901 ప్రాంతంలో ఆసిఫాబాద్ పరిసరాల్లోని సంకేపల్లిలో ఒక గోండు కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు చిన్ను. ఒకప్పుడు చాందాలో రాజ్యమేలిన జాతి అది. భీం పుట్టేనాటికి ఆ జాతి చేతిలో మిగిలింది అడవి, నాగలి మాత్రమే.

ఆ అడవి కూడా చేజారిపోతున్న కాలమది. ఫస్లీ 1326లో, అంటే 1916-17లో హైదరాబాద్ సంస్థానం అటవీ చట్టం తెచ్చింది. రిజర్వు అడవికి హద్దులు గీశారు. తాతల నాటి నుంచి పోడు కొట్టుకుని సాగుచేస్తున్న భూమి ఆ గీత లోపల పడితే, దున్నేవాడు నేరస్తుడయ్యాడు. పశువులను మేపినా, కట్టె కొట్టినా సుంకమో జరిమానానో కట్టవలసి వచ్చింది. గీత బయట ఉన్న భూమికేమో పట్టా కావాలి. చదువు రాని గోండుకు కచేరీ ఎక్కడుందో తెలియదు, కాగితం విలువ తెలియదు. రోడ్లు వచ్చాయి. 1920ల చివరికి కాజీపేట, బల్లార్షాల మధ్య రైలు నడిచింది. వాటి వెంట మైదానాల నుంచి వచ్చినవారు పట్టాలు చేయించుకున్నారు. వారిలో హిందువులున్నారు, ముస్లిములూ ఉన్నారు.

పారిపోయిన యువకుడు

భీంకు పదిహేనేళ్ల వయసులో తండ్రి అటవీ సిబ్బంది చేతుల్లో మరణించాడని చెబుతారు. కుటుంబం కెరమెరి వైపు సుర్దాపూర్‌కు వలస వెళ్లింది. అక్కడ కష్టపడి పండించిన పంట చేతికి వచ్చేవేళ భూమి మాదంటూ పట్టాదారు మనుషులు వచ్చారు. ఆ ఘర్షణలో సిద్ధిఖ్ అనే వ్యక్తి భీం చేతిలో మరణించాడు. భీం ఊరు విడిచి పారిపోయాడు.

ఆయన మొదట చాందా చేరి విఠోబా అనే ముద్రణాలయ యజమాని వద్ద ఆశ్రయం పొందాడు. చదవడం, రాయడం నేర్చింది అక్కడే. ఉర్దూ కూడా అక్కడే నేర్చాడంటారు. ఆ తరువాత అస్సాం తేయాకు తోటల్లో కొన్నేళ్లు కూలి చేశాడు. కూలీల కష్టాన్ని, వారి ఐక్యతను కళ్లారా చూశాడు. తిరిగి వచ్చిన భీం, పోయినప్పటి భీం కాడు. అర్జీ రాయగలడు, కచేరీ మెట్లు ఎక్కగలడు, నలుగురిని కూడగట్టగలడు.

పన్నెండు ఊళ్ల పోరాటం

భీం తనవారితో కలిసి బాబేఝరి ప్రాంతంలో అడవి నరికి ఊళ్లు కట్టాడు. జోడేఘాట్, పట్నాపూర్, శివగూడ వంటి పన్నెండు ఊళ్లు అలా వెలిశాయి. అటవీ సిబ్బంది వచ్చి గుడిసెలు తగులబెట్టారు. మళ్లీ కట్టారు, మళ్లీ తగులబెట్టారు. కేసులు పెట్టారు. భీం తొలుత ఆయుధం పట్టలేదన్నది గమనించదగ్గ విషయం. అర్జీలు పెట్టాడు, అధికారులను కలిశాడు. నిజాం ప్రభువుకే మొర పెట్టుకోవాలని హైదరాబాద్ దాకా వెళ్లాడు. దర్శనం దొరకలేదంటారు. మాట వినేవారు లేని చోట గోండులు, కోలాములు ఆయన వెంట ఆయుధాలు పట్టారు.

1940లో ఆసిఫాబాద్ తాలూక్‌దార్ అబ్దుల్ సత్తార్ ఆధ్వర్యంలో పోలీసులు జోడేఘాట్‌ను చుట్టుముట్టారు. భీం జాడ చెప్పింది కుర్దు పటేల్ అనే గోండేనని చెబుతారు. కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు కొందరు మరణించారు. ఆ రోజు సెప్టెంబర్ 1 అని కొందరు, అక్టోబర్ 8 అని కొందరు రాశారు. గోండులు మాత్రం తేదీ చూడరు, పౌర్ణమి చూస్తారు.

ఒక జీవితం, నాలుగు కథలు

భీం మరణించగానే ఆయన కథ నాలుగు దారులు పట్టింది. నాటి సర్కారు దృష్టిలో ఆయన తిరుగుబాటుదారు. గోండుల దృష్టిలో పూజలందుకునే వీరుడు. కొన్ని రాజకీయ వేదికల మీద ఆయన ముస్లిం ప్రభువు మీద కత్తి దూసిన హిందూ యోధుడు. ఇక మన ఇళ్లలోని కథ నాలుగవది. నిజాం కాలం బంగారు కాలమనీ, ఆ సంగతులు ఎత్తవద్దనీ అనడం.

మూడవ కథ ఎందుకు నిలవదో చూద్దాము. భీంకు ఎదురు నిలిచినవారిలో అబ్దుల్ సత్తార్ ఉన్నట్టే హిందూ పట్టాదారులున్నారు, సొంత జాతి పటేల్ కూడా ఉన్నాడు. అంతకు ఎనభై ఏళ్ల ముందు నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు ఆంగ్లేయులపై పోరాడినప్పుడు ఆయన పక్కన నిలిచి ప్రాణాలిచ్చింది రోహిల్లా ముస్లిములు. పైగా తగాదా ప్రభువు మతం గురించే అయితే 1948లో నిజాం పాలనతోనే అది ముగియాలి. ముగియలేదు. గిరిజన భూములు పరుల పాలు కాకుండా 1959 చట్టాన్ని 1963లో తెలంగాణకు వర్తింపజేశారు, 1970లో మరింత కఠినం చేశారు. అయినా 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని సర్కారు లెక్క. అంతకు ఎన్నో రెట్లు అని గోండుల మాట. అక్కడ ఏ నిజామూ లేడు.

నాలుగవ కథా నిలవదు. గుడిసెలు తగులబెట్టింది, తుపాకులు పేల్చింది నిజాం సర్కారు మనుషులే. దానిని దాచడం న్యాయం కాదు. అయితే తరువాత జరిగింది కూడా చెప్పాలి. ఈ తిరుగుబాటుతో కళ్లు తెరిచిన అదే సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి గోండుల స్థితిగతులు పరిశీలించడానికి నియమించింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్యనే నివసించాడు. ఆయన సలహాతో గోండు పిల్లలకు బడులు తెరిచారు, సుమారు 11 వేల మంది గిరిజనులకు లక్షా అరవై వేల ఎకరాలకు పట్టాలిచ్చారు. ఆ పట్టాలు ప్రభువు దయ అనడం సగం నిజమే. భీం రక్తం వాటి వెల.

మన వంతు

పూర్వపు కరీంనగర్ జిల్లా మంథని ప్రాంతపు రచయిత అల్లం రాజయ్య, సాహు కలిసి భీంపై నవల రాశారు. ఆ కథ తెలుగువారి ఇళ్లకు చేరడంలో దాని పాత్ర పెద్దది. 2020లో ఒక సినిమా ప్రచార చిత్రంలో భీం పాత్రకు టోపీ పెడితే పెద్ద దుమారం లేచింది. తమ వీరుణ్ణి తమకు తెలియని వేషంలో చూపారన్న గోండుల బాధ అర్థం చేసుకోదగినది. ఆ బాధను మతాల తగవుగా మార్చినవారి ఉద్దేశం మాత్రం వేరు.

అలాంటి తగవు ఎక్కడికి దారి తీస్తుందో 2024 సెప్టెంబర్‌లో జైనూర్‌లో చూశాము. ఒక ఆదివాసీ మహిళపై ఒక ముస్లిం వ్యక్తి చేసిన దాడి దారుణం. ఆమె పక్షాన నిలవడం మన విధి. కాని ఆ నేరంతో సంబంధం లేనివారి దుకాణాలు, ఇళ్లు తగులబడ్డాయి. మార్లవాయి ఆ మండలంలోనిదే. తరతరాలుగా ఒకే అంగడిలో బేరమాడుకున్న రెండు సమాజాలు ఒకరినొకరు చూసి భయపడే స్థితి వచ్చింది.

కనుక ఈసారి పిల్లలు అడిగితే మాట మార్చవద్దు. భీం పోరాడింది తన నేల కోసమని, ఆ నేలను లాక్కున్నవారిలో మనవారూ ఉన్నారని, పరాయివారూ ఉన్నారని నిజం చెబుదాము. సాక్ష్యం చెప్పవలసి వచ్చినప్పుడు సొంతవారిని కూడా చూడవద్దన్నది మన ధర్మం నేర్పిన పాఠమే. అవకాశం ఉన్నవారు ఆశ్వయుజ పౌర్ణమికి పిల్లలను జోడేఘాట్ తీసుకువెళ్లండి. అక్కడ గోండు పెద్దల పక్కన కూర్చుని, వారి కథను వారి నోటనే విననివ్వండి.