పులి దారిలో కెమెరా: ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ జీవితం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఛాంపియన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• రాత్రివేళ ఆయన పులుల ఫొటోలు తీసిన పద్ధతిని వివరించగలుగుతారు.
• ఆ పద్ధతికీ నేటి పులుల లెక్కింపుకూ గల సంబంధాన్ని గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఉద్యోగం చేస్తూనే తీరిక వేళల్లో ఏదో ఒక అభిరుచిని పెంచుకొనేవారిని మీరు చూసే ఉంటారు. కొందరు నాణేలు సేకరిస్తారు. కొందరు పూలమొక్కలు పెంచుతారు. ఒక అటవీ అధికారి అభిరుచి పులుల రక్షణకు ఎలా తోడ్పడిందో ఇప్పుడు తెలుసుకుందాం.

2. బాల్యం, ఉద్యోగం

ఫ్రెడరిక్ వాల్టర్ ఛాంపియన్ 1893లో ఇంగ్లండులో జన్మించారు. తండ్రి కీటక శాస్త్రజ్ఞుడు కావడంతో ప్రకృతి పరిశీలన ఆ ఇంట్లో అందరికీ అలవాటు. అన్న హ్యారీ ఛాంపియన్ భారతదేశపు అడవులను రకాలుగా వర్గీకరించి పేరుపొందారు. ఫ్రెడరిక్ 1913లో మన దేశానికి వచ్చి, మొదట తూర్పు బెంగాల్‌లో పోలీసు శాఖలో పనిచేశారు. కొంతకాలం సైన్యంలో ఉన్నారు. తరువాత సంయుక్త రాష్ట్రాలలో అటవీ అధికారి అయ్యారు. ఆయన తిరిగిన శివాలిక్ కొండల అడుగు భాగాలలో ఎక్కువ భాగం నేడు ఉత్తరాఖండ్‌లో ఉంది.

3. తుపాకికి బదులు కెమెరా

ఆ రోజుల్లో పులిని చంపడం గొప్పగా భావించేవారు. రాజులు, దొరలు పోటీపడి వేటాడేవారు. ఛాంపియన్ మాత్రం తుపాకికి బదులు కెమెరాను ఎంచుకున్నారు.

పగలు ఏనుగుపై అడవి తనిఖీకి వెళ్ళేటప్పుడు కెమెరా ఆయన వెంటే ఉండేది. ఏనుగు వీపు మీది నుంచే జంతువుల ఫొటోలు తీసేవారు. వాగుల ఇసుకలో, కాలిబాటల్లో పులి అడుగుజాడలను వెతికి, అది ఏ దారిన నడుస్తుందో తెలుసుకొనేవారు. ఆ దారికి అడ్డంగా సన్నని తీగ కట్టి, పక్కన కెమెరానూ మెగ్నీషియం ఫ్లాష్ పొడినీ అమర్చేవారు. పులి కాలు తీగకు తగలగానే పొడి భగ్గున వెలిగి, కెమెరాలో ఫొటో పడేది. అంటే పులి తన ఫొటోను తానే తీసుకొనేదన్నమాట!

ఈ పని చెప్పినంత సులభం కాదు. పొడికి తేమ తగిలితే వెలగదు. పొడి ఒకసారి వెలిగితే మళ్ళీ అమర్చేదాకా ఇంకో ఫొటో రాదు. పులి కోసం కట్టిన తీగను ఏ ముళ్ళపందో, దుమ్ములగొండో తాకవచ్చు. ఛాంపియన్ వాటి ఫొటోలనూ విలువైనవిగానే భావించారు. జనం ఎన్నడూ చూడని రాత్రి జీవితం వాటిలో కనిపించింది.

4. ఫలితాలు

1925లో లండన్‌లోని ఒక సచిత్ర వారపత్రిక ఆయన తీసిన పులి ఫొటోలను ప్రచురించింది. 1927లో, 1934లో ఆయన పుస్తకాలు వెలువడ్డాయి. ఫొటోలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవని ఆయన గమనించారు. మన వేలిముద్రల వలెనే చారలూ ప్రతి పులికీ వేరు.

పేరుపొందిన వేటగాడు జిమ్ కార్బెట్ ఆయన ఫొటోల వల్లనే కెమెరా వైపు మొగ్గారు. 1947లో ఛాంపియన్ మన దేశాన్ని విడిచి తూర్పు ఆఫ్రికాకు వెళ్ళారు. 1970లో మరణించారు.

5. నేటికీ ఉపయోగం

ఒకప్పుడు అడుగుజాడలను బట్టి పులులను లెక్కించేవారు. ఒకే పులిని రెండుసార్లు లెక్కించే పొరపాటుకు అందులో అవకాశం ఉండేది. 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్, పులి ఎదుటికి రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరాలతో, చారల ఆధారంగా లెక్క వేశారు. 2006 నుంచి దేశవ్యాప్త లెక్కింపులోనూ ఇటువంటి కెమెరాలను వాడుతున్నారు. మన నల్లమల అడవిలోనూ ఇవి ఉన్నాయి. పులులు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ తగ్గుతున్నాయో తెలిస్తేనే వాటిని కాపాడగలం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఛాంపియన్ తీగను ఎక్కడ కట్టేవారు? ఎందుకు?
2. అడుగుజాడల లెక్క కన్నా చారల లెక్క ఎందుకు నమ్మదగినది?
3. మీ ఊరిలో కనిపించే ఒక పక్షిని గాని జంతువును గాని వారం రోజులు గమనించి, అది వచ్చే వేళ, తినే ఆహారం రాయండి.