ప్రశ్నే ఆయుధంగా నిలిచిన మనిషి – పుచ్చలపల్లి సుందరయ్య

మా హసన్‌పర్తిలో పాతతరం వాళ్ళ దగ్గర సుందరయ్యగారి పేరెత్తితే ముందుగా వచ్చేది సైకిలు ముచ్చటే. ఎంపీ అయి ఉండి పార్లమెంటుకు సైకిలు మీద పోయేవాడట అని చెప్తారు. విన్నవాళ్ళు ఆశ్చర్యపోతారు, మెచ్చుకుంటారు, అక్కడితో ఆగిపోతారు. సైకిలు దిగి లోపలికి పోయినంక ఆయన చేసిన పనేంది అనేది మాత్రం ఎవరూ అడగరు. నాకు ఆ రెండో సంగతే ముఖ్యమనిపించింది. నేను బి.యస్సీ. విద్యార్థిని, రాజకీయశాస్త్రం చదివినవాణ్ణి కాదు. అయినా ప్రశ్న అడగడమనేది మా సైన్సు వాళ్ళకు దగ్గరి విషయమే కాబట్టి ధైర్యం చేసి నాలుగు మాటలు రాస్తున్నాను.

సుందరయ్యగారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. భూములున్న రైతు కుటుంబం. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పెద్దయ్యాక పేరు చివరి కులం ముక్కను తీసేసి ఉత్త సుందరయ్యగా మిగిలారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చేనాటికి ఆయన మద్రాసు లయోలా కాలేజీలో చదువుతున్నారు. వయసు 17. ఇంచుమించు మనకు జూనియర్. కాలేజీ వదిలేసి ఉద్యమంలోకి దూకారు, జైలుకు పోయారు. బయటికొచ్చాక సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. అంటే తన ఇంటివాళ్ళ ముందూ, తన బంధువుల ముందూ కూలీల తరఫున నిలబడ్డారన్నమాట. పల్లెల్లో పుట్టినవాళ్ళకు ఇది ఎంత కష్టమో తెలుసు. సర్కారును ఎదిరించొచ్చు గానీ పక్కింటి పెద్దమనిషిని ఎదిరించడం మాటలు కాదు.

అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు. 1943లో లీలగారిని పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు వద్దని ఇద్దరూ అనుకున్నారు. తన వాటా ఆస్తిని అమ్మి పార్టీకి ఇచ్చేశారు. తెలంగాణ రైతాంగ పోరాటానికి నాయకత్వం వహించినవాళ్ళలో ఆయన ఒకరు. 1948 నుంచి 1952 దాకా అజ్ఞాతంలో గడిపారు. ఆ పోరాటం మీద ఆయన రాసిన పుస్తకం 1972లో వచ్చింది. మన ప్రాంతపు వెట్టిచాకిరి ఎట్లా సాగిందో అందులో వివరంగా ఉంది. ఆఫీసర్లు ఊరి మీదికి వస్తే కోమటి సరుకులు ఇయ్యాలె, కుమ్మరి కుండలు ఇయ్యాలె, తక్కిన కులాలవాళ్ళు చాకిరీ చెయ్యాలె. గిట్టుబాటు మాట దేవుడెరుగు, చాలాసార్లు పైసా కూడా ఉండేది కాదు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. మన దేశంలో చట్టసభ సభ్యులు ప్రభుత్వాన్ని ప్రశ్న అడిగే హక్కు 1892 చట్టంతో వచ్చింది. ఆ హక్కుతో మొట్టమొదటి ప్రశ్న 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా అడిగారు. ఆయన అడిగిందేమిటంటే, ఆఫీసర్లు పర్యటనకు వచ్చినప్పుడు వాళ్ళ మకాములకు సరుకులు సమకూర్చలేక పల్లెల్లో దుకాణదారులు పడుతున్న బాధల గురించి! అడిగినవాడేమో రాజు, అడిగిందేమో పల్లెటూరి అంగడివాడి కష్టం. అంటే మన దేశంలో శాసనసభా ప్రశ్న పుట్టడమే వెట్టి లాంటి బాధ మీద పుట్టింది. అప్పట్లో జవాబు విని కూర్చోవడమే, తిరిగి అడిగే వీలు లేదు. 1909 సంస్కరణలతో అడిగిన సభ్యుడికి అనుబంధ ప్రశ్న వేసే హక్కు వచ్చింది. 1919 సంస్కరణల తర్వాత తక్కిన సభ్యులకూ ఆ హక్కు దొరికింది. అధికారం దయతలిచి ఒక్కసారే ఇచ్చింది కాదు, కొంచెం కొంచెంగా గుంజుకున్నది.

మళ్ళీ కథలోకి వద్దాం. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినయ్. మన వరంగల్లు నుంచి పెండ్యాల రాఘవరావుగారు లోక్‌సభకు గెలిచారు. హనుమకొండ, వర్ధన్నపేట శాసనసభ స్థానాల్లో కూడా ఆయనే గెలిచారు. అదే ఏడాది సుందరయ్యగారు మద్రాసు రాష్ట్రం నుంచి ఎగువసభకు వెళ్ళారు. దానికి రాజ్యసభ అనే పేరు ఇంకా రాలేదు, ఆ పేరు 1954లో వచ్చింది. అక్కడ కమ్యూనిస్టు సభ్యులకు ఆయనే నాయకుడు. నిన్నటిదాకా పోలీసులు వెతికిన మనిషి ఇవాళ మంత్రుల ఎదుట కూర్చున్నాడు. తుపాకీ నీడన తిరిగినవాడికి ఈ కాగితాల యుద్ధం ఏం నచ్చుతుందిలే అని ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం ఆ పనిని చిన్నచూపు చూడలేదు.

రాజ్యసభకు మంత్రివర్గాన్ని పడగొట్టే అధికారం లేదు. మంత్రివర్గం బాధ్యత వహించేది లోక్‌సభకే. కాబట్టి అక్కడ ప్రతిపక్షం చేతిలో మిగిలేవి చర్చ, ప్రశ్న. 1955లో ఆయన పరిస్థితి ఇంకా గట్టి పరీక్షకు వచ్చింది. ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు జరిగితే కమ్యూనిస్టులకు వందకు 31 ఓట్లు వచ్చాయి గానీ 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. సుందరయ్యగారు గన్నవరం నుంచి గెలిచి, కర్నూలు శాసనసభలో ఆ 15 మందికి నాయకుడిగా కూర్చున్నారు. చేతులెత్తి లెక్కపెడితే ప్రతిసారీ ఓటమే. ఒక్క బిల్లును ఆపలేరు, ఒక్క పద్దును తగ్గించలేరు. అలాంటివాళ్ళు సభలో ఉండి లాభమేంది?

ఈ చిక్కుకు జవాబు ప్రశ్నోత్తరాల సమయంలో ఉంది. ఓటుకు మెజారిటీ కావాలి, ప్రశ్నకు అక్కర్లేదు. 196 మందిలో ఒక్కడు లేచి అడిగినా మంత్రి లేచి జవాబు చెప్పాల్సిందే. ఆ జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. రేపు మాట మార్చితే ఆ కాగితమే సాక్షి.

సభా నియమాల ప్రకారం ప్రశ్నలు కొన్ని రకాలు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. ఆ వెంట అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్రం గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది, అక్కడ తిరిగి అడగడం ఉండదు. ప్రజలకు అత్యవసరమైన విషయమైతే స్వల్ప వ్యవధి ప్రశ్న వేయవచ్చు. మామూలుగా లోక్‌సభలో 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్నలో వాదన ఉండకూడదు, ఎత్తిపొడుపు ఉండకూడదు, తిట్టు ఉండకూడదు, ఊహించి నిందించడం ఉండకూడదు. ఈ నియమాలు చదివినప్పుడు నాకు మా ప్రయోగశాల రికార్డు గుర్తుకొచ్చింది. అక్కడా అంతే గదా! చూసింది రాయాలి, కొలిచింది రాయాలి, మన ఇష్టాయిష్టాలు రాయొద్దు.

అసలు పరీక్ష అనుబంధ ప్రశ్న దగ్గర వస్తుంది. మొదటి జవాబును ఆఫీసు సిబ్బంది ముందే రాసిపెడతారు, మంత్రి చదువుతాడు. రెండో ప్రశ్న ఏ దిక్కు నుంచి వస్తుందో మంత్రికి పూర్తిగా తెలియదు. అక్కడ అడిగేవాడికి విషయం తెలిసి ఉండాలి. లేకుంటే మంత్రి చెప్పిన అంకె సరైనదో కాదో పసిగట్టలేడు, తల ఊపి కూర్చుంటాడు.

సుందరయ్యగారి గొప్పతనం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆయన అంకెల మనిషి. 1940ల్లోనే విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే పుస్తకం రాసి, తెలుగు నేల మీద నదులు, ప్రాజెక్టులు, భూములు ఎట్లా ఉపయోగించుకోవాలో ఆలోచించారు. కృష్ణా గోదావరి నీళ్ళ సంగతి జీవితాంతం వదిలిపెట్టలేదు. ఇంజనీరు కాదు, ఇంజనీరింగు చదవలేదు. అయినా నీటి లెక్కలు కూర్చొని చదివి నేర్చుకున్నారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగితే, కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. నడుమ దాదాపు 12 ఏళ్ళు. మన గోదావరి మీద పోచంపాడుకు 1963 జూలై 26న పునాదిరాయి పడింది. శంకుస్థాపన నాడు పూలదండలుంటాయి, నీళ్ళొచ్చిన నాడు మళ్ళీ దండలుంటాయి. నడుమ ఏళ్ళలో అంచనా ఎంత పెరిగింది, ఖర్చెంత అయింది, ఏ కాలువ ఏ మైలు దాకా తవ్వారు, ఎన్ని ఎకరాలకు పారింది అని పట్టుబట్టి అడిగేవాడే రైతుకు దిక్కు.

ఆ పోచంపాడు నీళ్ళే కాకతీయ కాలువలో మా హసన్‌పర్తి పరిసరాల మీదుగా పోతున్నయ్. అందుకని మాకు ఈ విషయం పుస్తకాల ముచ్చట కాదు. నీళ్ళెందుకు వస్తలేవు అని కాలువ గట్టు మీద నిలబడి అందరం అడుగుతాం. దానికి ఎవరైనా వానలు లేవనో, పైన వదలలేదనో సులువుగా జవాబిస్తారు. అదే ఫలానా తూము కింద రికార్డు ప్రకారం ఆయకట్టు ఎంత, ఈ యాసంగిలో పారింది ఎంత, తేడాకు కారణమేంది, మిగిలిన మడులకు ఏ తేదీలోపు నీళ్ళిస్తారు అని అడిగితే తప్పించుకునే సందు ఉండదు. మొదటిది మొర, రెండోది ప్రశ్న. మొర వినేవాడి దయ మీద ఆధారపడుతుంది. ప్రశ్న అడిగేవాడి తయారీ మీద ఆధారపడుతుంది.

మంత్రి చూస్తామనో, చేస్తామనో సభలో మాటిస్తే దాన్ని కూడా గాలికి వదలరు. ఇచ్చిన హామీలు నెరవేరినయా లేదా అని చూసేందుకు లోక్‌సభలో 1953లోనే ఒక కమిటీ పెట్టారు. శాసనసభల్లోనూ అలాంటి కమిటీలు ఉన్నాయి. సాధారణంగా మూడు నెలల్లో హామీ తీర్చాలన్నది లోక్‌సభలో పాటించే గడువు. అంటే ఒక మంచి ప్రశ్న జవాబుతో చచ్చిపోదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి శాసనసభ హైదరాబాదుకు వచ్చింది. 1962లో సుందరయ్యగారు గన్నవరం నుంచి మళ్ళీ గెలిచారు. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీకి మొదటి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ ఏడాది చివర మళ్ళీ జైలు, 1966 దాకా. 1976లో ఆ పదవి వదులుకున్నారు. 1978లో తిరిగి గన్నవరం ప్రజలు ఆయన్ను శాసనసభకు పంపారు. అప్పటికి వయసు 64. దేశస్థాయిలో పెద్ద పదవి చూసినవాడు మళ్ళీ మామూలు ఎమ్మెల్యేగా కూర్చోవడానికి నామోషీ పడలేదు. 1978 నుంచి 1983 దాకా ఆ ఐదేళ్ళలో రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. మంత్రులు వస్తుంటారు, పోతుంటారు. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాత్రం కుర్చీకి అంటుకొని ఉంటుంది. 1985 మే 19న ఆయన మద్రాసులో కన్నుమూశారు.

ఆయన చెప్పినవన్నీ మనం ఒప్పుకోవాలని లేదు. ఆయన విశాలాంధ్రవాది. ప్రత్యేక తెలంగాణ కోరినవాళ్ళకు ఆ వైఖరి మింగుడుపడలేదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది, చరిత్ర ఆ విషయంలో వేరే తీర్పు ఇచ్చింది. ఆయన పార్టీ సిద్ధాంతం నచ్చనివాళ్ళు కూడా చాలామంది. అయినా ఆయన నిజాయితీని శంకించినవాళ్ళు అరుదు. ప్రశ్నకు ఈ నిజాయితీ ఎందుకు కావాలో ఆయన పోయిన 20 ఏళ్ళకు దేశం చూసింది. 2005 డిసెంబరులో, డబ్బు తీసుకొని పార్లమెంటులో ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్నారన్న వ్యవహారంలో 11 మంది సభ్యులను సభల నుంచి బహిష్కరించారు. అమ్ముడుపోయిన ప్రశ్న కూడా పైకి మామూలు ప్రశ్న లాగానే కనిపిస్తుంది. తేడా అడిగే మనిషిలో ఉంటుంది. అందుకే ఆస్తి వదులుకున్న సంగతి, సాదాగా బతికిన సంగతి వట్టి పొగడ్త కోసం చెప్పుకునేవి కావు. ఎవరికీ బాకీ లేనివాడే ఎవరినైనా అడగగలడు.

2020 సెప్టెంబరులో కరోనా కారణం చెప్పి పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయాన్ని ఆ సమావేశాలకు తీసేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం మిగిలాయి. మా దోస్తుల్లో చాలామంది దాన్ని గమనించనే లేదు. గమనించకపోవడమే నాకు భయం కలిగించే విషయం. గంట కొట్టడం ఆగిపోయినా బడి ఉందనుకున్నట్టు ఉంటుంది మన పరిస్థితి.

హసన్‌పర్తి పేరుతో ఒకప్పుడు శాసనసభ నియోజకవర్గం ఉండేది. పునర్విభజన తర్వాత 2009 నుంచి మా మండలం వర్ధన్నపేట కిందికి పోయింది. పేరు పోయినా అడగాల్సినవి పోలేదు. పైగా 2005 అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం అమల్లో ఉంది. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని ఏ పౌరుడికీ నిరాకరించరాదని 2025 దాకా ఆ చట్టంలోనే రాసి ఉండేది. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అంటే 15 మందితో 196 మంది సభలో సుందరయ్యగారు పట్టుకున్న ఆయుధంలో ఒక ముక్క ఇప్పుడు రైతు బిడ్డల చేతికీ వచ్చింది.

విద్యార్థి మిత్రులారా! మనకు ఓటు వచ్చి రెండేళ్ళో మూడేళ్ళో అయింది. ఐదేళ్ళకోసారి వేలికి సిరా పూసుకోవడంతోనే మన పని అయిపోలేదు. మన ఎమ్మెల్యే, మన ఎంపీ ఈ ఏడాది ఏ ప్రశ్నలు వేశారో, ఏ జవాబులు తెచ్చారో తెలుసుకుందాం. వేయకుంటే వేయమందాం. మనం అడిగేటప్పుడు మాత్రం చూసి, లెక్కపెట్టి, కాగితం మీద రాసుకొని అడుగుదాం. సుందరయ్యగారికి దండ వేయడం తేలిక. ఆయన లాగా హోంవర్కు చేసి లేచి నిలబడటం కష్టం. ఆ కష్టమైనదే మనకు పనికొచ్చేది.